ఆరో అంశం మీద మా అభ్యంతరం: సాఫ్ట్‌వేరు ఎవరి కంప్యూటర్లో నడవాలి?



వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఆరో అంశం చాలామంది చదివి ఉండరు. చదివినవాళ్ళు కూడా "ఇది కంప్యూటరు పిల్లల గొడవలే" అని ఏడో అంశానికి, అంటే ఉగాది భోజనాల ఖర్చుకి, దాటేసి ఉంటారు. ఆరో అంశంలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. మన సంఘం సాఫ్ట్‌వేరు తర్వాతి వెర్షను నుంచి మ్యాక్, విండోస్ 11, ఉబుంటు 24.04 ఈ మూడింటికే బిల్డు చేస్తారట, మిగతావాటికి సపోర్టు ఉండదట. ఆ వాక్యాన్ని మేము వ్యతిరేకిస్తున్నాం. చేతులెత్తే ముందు ఎందుకో చదవండి. కొంచెం పొడుగే. టీ పెట్టుకుని కూర్చోండి.

మేము అంటే శని, ఆదివారాల్లో ఆఫీసులోనూ, హోసూరు, కేజీఎఫ్ శాఖల్లోనూ కౌంటరు దగ్గర కూర్చునే రిటైరైనవాళ్ళం. రైల్వేలో, బ్యాంకులో, ఫ్యాక్టరీల్లో గుమాస్తాగిరీ చేసి వచ్చినవాళ్ళం. కోడ్ రాయడం రాదు. మాలో కొందరం తమిళ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక కుప్పం, గుంతకల్లు స్టేషను బోర్డుల మీద కూడబలుక్కుని నేర్చుకున్నవాళ్ళం. మా భాషలో తమిళ వాసన వస్తే సర్దుకోండి. విషయంలో మాత్రం సర్దుకోవద్దు.

ముందు సాఫ్ట్‌వేరు సంగతి. మన పిల్లలు నలుగురు ఆఫీసు పనయ్యాక, రాత్రుళ్ళు కూర్చుని రాసింది ఇది. చందా లెడ్జరు, లైబ్రరీ పుస్తకాల జాబితా, ఆపద్బంధు నిధి ఖాతా, మూడూ అందులోనే ఉన్నాయి. పైథాన్‌లో రాశారు, లెక్కలన్నీ ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసులో ఉంటాయి. (ఆ ఎస్‌క్యూలైట్ తయారుచేసేవాళ్ళు 2050 దాకా దాన్ని చూసుకోవాలన్నది తమ ఉద్దేశమని రాసిపెట్టారు. సంవత్సరం వేసి మాట ఇవ్వడం అంటే అదీ.) జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు గనక వేరే ఊళ్ళ సంఘాలు కూడా తీసుకుని వాడుకుంటున్నాయి. ఇది మనకి గర్వకారణం. ఈ వ్యాసం వాళ్ళ మీద కోపంతో రాస్తున్నది కాదు.

అయితే "బిల్డు" అంటే ఏమిటి? పిల్లలు రాసిన కోడ్‌ని, మన కౌంటరులో డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునే ప్రోగ్రాముగా ఒక కంప్యూటరు మీద కడతారు. ఆ కట్టే కంప్యూటరు, అందులోని ఆపరేటింగ్ సిస్టం, లైబ్రరీలు అన్నీ కలిపి బిల్డు ఎన్విరాన్‌మెంటు. వంట ఎక్కడ వండుతారన్నది వండేవాడి ఇష్టం అనిపిస్తుంది. కానీ ఇక్కడ అలా కాదు. ఎక్కడ వండారన్నదాన్ని బట్టే ఎవరికి అరుగుతుందో తేలుతుంది.

లినక్సులో జీలిబ్‌సీ అని ఒక మూల లైబ్రరీ ఉంటుంది. దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని భుజం మీద చెయ్యి వేసే నడుస్తుంది. ఉబుంటు 20.04లో అది 2.31 వెర్షను, 22.04లో 2.35, 24.04లో 2.39. పాత జీలిబ్‌సీ మీద కట్టిన ప్రోగ్రాము కొత్తదాని మీద నడుస్తుంది. కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడుస్తుందన్న నమ్మకం లేదు. గూడ్సు ఆఫీసులో పనిచేసిన ఎవరినడిగినా ఓడీసీ అంటే చెబుతారు. నిర్ణయించిన కొలతల్లో ఉన్న సరుకు ఏ సొరంగంలోంచైనా, ఏ ప్లాట్‌ఫారం పక్కనుంచైనా పోతుంది. కొలత దాటిందా, అది ఓడీసీ. దానికి ప్రత్యేకంగా అనుమతి కావాలి, దారి చూడాలి, వేగం తగ్గించాలి. కొత్త లాప్‌టాప్‌లో కట్టిన ప్రోగ్రాము అలా కొలత దాటిన సరుకు. లోడు చేసిన యార్డులో బ్రహ్మాండంగా కనిపిస్తుంది. చిక్కంతా దారిలో వస్తుంది.

పోయినేడు మన దగ్గర జరిగింది సరిగ్గా ఇదే. అప్పటిదాకా ఉబుంటు 20.04 మీద కడుతున్న మన ప్రోగ్రాము, ఒక వారం నుంచి 24.04 మీద కట్టడం మొదలైంది. ఉచితంగా బిల్డు చేసిపెట్టే సర్వీసులో "లేటెస్టు" అని పెట్టుకున్నారు, లేటెస్టు అనే మాటకి అర్థం మారిపోయింది. ఎవరికీ కబురు లేదు. హోసూరు శాఖలో అప్‌డేట్ నొక్కారు. ప్రోగ్రాము తెరుచుకోలేదు. "జీలిబ్‌సీ 2.38 దొరకలేదు" అని ఒక్క ముక్క ఇంగ్లీషులో చూపించి మూసుకుపోయింది. ఆ రోజే ఒక సభ్యుడు చనిపోయాడు. ఆపద్బంధు నిధి నుంచి అంత్యక్రియల డబ్బు అదే రోజు చేతికివ్వాలన్నది మన నియమం. చందా బాకీ ఉందో లేదో లెడ్జరులో చూడకుండా ఇవ్వకూడదన్నదీ మన నియమమే. లెడ్జరు తెరుచుకోదు. ఆయన కొడుకు కౌంటరు ముందు నిలబడి ఉన్నాడు. కౌంటరులో ఉన్న పెద్దాయన తన జేబులోంచి డబ్బు తీసి ఇచ్చి పంపించాడు. మంచి పనే. కానీ సంఘం అన్నది కౌంటరులో కూర్చున్నవాడి జేబు మీద నడవకూడదు కదా.

పిల్లలు రెండు రోజుల్లో సరిచేశారు. ఆ సరిచేసిన పద్ధతేమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే మా వాదనంతా అందులోనే ఉంది. తమ కొత్త లాప్‌టాప్‌లోనే డాకర్ అనే పెట్టె లాంటిది పెట్టుకుని, దాని లోపల ఉబుంటు 20.04ని ఉంచి, అక్కడ కట్టారు. పాత కంప్యూటరు కొనలేదు, ఎవరి పనీ ఆగలేదు. ఆ ఒక్క బిల్డు 20.04 మీదా, 22.04 మీదా, 24.04 మీదా నడిచింది. ఇదేమీ కొత్త విద్య కాదు. పైథాన్ ప్రపంచంలో మెనీలినక్స్ అనే ఏర్పాటు ఏళ్ళుగా ఉంది. ముందు సెంట్‌ఓఎస్ 5 మీద, తర్వాత 6 మీద, ఆ తర్వాత 7 మీద కట్టి అన్ని లినక్సులకీ పంచిపెట్టారు. మన ప్రోగ్రామును కట్టగట్టే పైఇన్‌స్టాలర్ పనిముట్టు పుస్తకంలోనే రాసి ఉంది, మీరు నడపాలనుకున్న వాటిలో అన్నిటికన్నా పాతదాని మీద కట్టండి అని. మరి ఇంత సులువైన దారి చేతిలో ఉండగా, దాన్ని మూసేసి "24.04 మాత్రమే" అని తీర్మానం ఎందుకు?

"పాతవి ప్రమాదం, లేటెస్టే సేఫు" అని జవాబు వచ్చింది. సగం నిజం. ఆ సగానికి తర్వాత వస్తాం. మిగతా సగం మాత్రం మూఢనమ్మకం. రైల్వే రిజర్వేషను వ్యవస్థనే చూడండి. ఇప్పుడున్న పీఆర్ఎస్ 2010లో పెట్టింది, ఐటానియం సర్వర్ల మీద, ఓపెన్‌వీఎంఎస్ మీద నడుస్తోందని రైల్వే శాఖే చెప్పింది. ఐటానియం ఆ రోజుల్లో పెద్ద పెద్ద సంస్థలు కొనే ఖరీదైన సరుకు. ఇంటెల్ 2021లో దాని సరఫరా ఆపేసింది. 2024 జనవరిలో వచ్చిన లినక్స్ కెర్నల్ 6.7 నుంచి ఐటానియం కోడ్‌నే తీసేశారు, చూసుకునేవాళ్ళు లేరని. ఒకనాటి గొప్ప సరుకు అనాథ అయింది. రైల్వేకి డబ్బుంది, మనుషులున్నారు గనక ఇప్పుడు పద్ధతి ప్రకారం మార్చుకుంటోంది. మనకేముంది? ఏది కొత్తది అని చూసి లిస్టు రాస్తే, ఆ కొత్తది ముసలిదైన రోజున మళ్ళీ ఇదే గొడవ.

ఇక మ్యాక్ సంగతి. ముసాయిదాలో దానికి మొదటి స్థానం. మన ఆఫీసులో గానీ, శాఖల్లో గానీ కౌంటరు మీద ఒక్క మ్యాక్ అయినా ఉందా? లేదు. ఎవరి బల్ల మీద ఉందో అందరికీ తెలుసు. రాసేవాళ్ళకి రాసుకోవడానికి ఏ కంప్యూటరైనా ఉండొచ్చు, అది వాళ్ళ సౌకర్యం. దాన్ని తీసుకొచ్చి సంఘం సపోర్టు చేసే లిస్టులో మొదట కూర్చోబెట్టి, రోజూ రసీదులు కొట్టే కంప్యూటర్లని లిస్టులోంచి దింపేస్తే, లిస్టు ఎవరి కోసం రాశారో అర్థం కావడం లేదూ?

మన కంప్యూటర్లు ఎక్కడివి? ఎక్కువ భాగం ఎస్.పి. రోడ్డులో కొన్న సెకండ్‌హ్యాండు సరుకు. ఐటీ కంపెనీలు నాలుగైదేళ్ళు వాడి వదిలించుకున్నవి ఆ వీధికి వస్తాయి. మనలాంటి సంఘాలు, ట్యూషను సెంటర్లు, జిరాక్సు షాపులు అక్కడే కొంటాయి. వాటిలో ఆరో తరం, ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్లు ఉన్నవే ఎక్కువగా మన చేతికొచ్చాయి. విండోస్ 11కి మైక్రోసాఫ్టు అడిగేది ఎనిమిదో తరం ఇంటెలో ఆ పైదో, దాంతోపాటు టీపీఎం 2.0 అనే చిప్పు. కాబట్టి "విండోస్ 11 మాత్రమే" అన్న మూడు మాటలకి అసలు అర్థం "మీ కంప్యూటర్లు పారేయండి" అని. ఆ ఖర్చు అజెండాలో ఎక్కడా రాయలేదు. ఉగాది భోజనాల ఖర్చు మాత్రం పైసలతో సహా రాశారు.

ఇప్పుడు మా పక్కన ఉన్నవాళ్ళతో ఒక మాట, ఎందుకంటే తప్పు ఒకవైపే లేదు. మాలోనే కొందరు "ఏదీ తీసెయ్యకూడదు, విండోస్ 7 కూడా ఉండాల్సిందే, నా పాత ప్రింటరు దాంట్లోనే పనిచేస్తుంది" అంటున్నారు. అన్నయ్యలూ, అది కుదరదు. విండోస్ 7ని మైక్రోసాఫ్టు 2020 జనవరి 14న వదిలేసింది. పైథాన్ 3.9 నుంచి దాని మీద నడవదు. నడిచే చివరి వెర్షను 3.8, దాని ఆయుష్షు కూడా 2024 అక్టోబరులో తీరింది. గో భాష 1.21తో, రస్టు 1.78తో విండోస్ 7ని వదిలేశాయి. మనం పట్టుకుని వేళ్ళాడినా మన పనిముట్లు వదిలేశాయి. పైగా ఆ కంప్యూటరు ఇంటర్నెట్‌కి తగిలించి ఉంది, అందులో సభ్యుల బ్యాంకు నంబర్లున్నాయి. పిల్లలు ప్రమాదం అన్నమాటలో నిజమైన సగం ఇదే. విండోస్ 7 పోవాలి. 32 బిట్టు నెట్‌బుక్కు కూడా పోవాలి. డెబియన్ అనే లినక్సు 1993లో పుట్టిందే 32 బిట్టు ఇంటెల్ మీద. అంతటి డెబియనే 2025 ఆగస్టు 9న విడుదలైన 13వ వెర్షనులో దానికి కెర్నలూ ఇవ్వలేదు, ఇన్‌స్టాలరూ ఇవ్వలేదు. పుట్టిల్లే తలుపు మూశాక మనం అరుగు మీద పడుకోవడం ఎందుకు?

కానీ డెబియన్ ఆ తలుపు ఎలా మూసిందో చూడండి. రెండేళ్ళ ముందునుంచే మాట బయట పెట్టారు. పాత 12వ వెర్షనుకి 2028 జూను దాకా ఎల్‌టీఎస్ ఉంటుందని తేదీ వేశారు. వాళ్ళ దగ్గర ఇంకో పద్ధతుంది, అది మాకు బాగా నచ్చింది. ఒక రకం ప్రాసెసరు లిస్టులో ఉండాలంటే "మేము చూసుకుంటాం" అని పేరు ఇచ్చే మనుషులు ఉండాలి. విడుదలకి ముందు హాజరు పిలుస్తారు. పలికేవాళ్ళు లేకపోతే దాని స్థానం పోతుంది. పైథాన్ వాళ్ళదీ ఇదే వరస. మూడు తరగతులు పెట్టారు. మొదటి తరగతిలో ఉన్న సిస్టంలో టెస్టు ఫెయిలైతే విడుదలే ఆగుతుంది. రెండో తరగతికి కనీసం ఇద్దరు ముఖ్య డెవలపర్లు పేరు ఇవ్వాలి. మూడో తరగతికి కనీసం ఒక్కరు. పేరు లేని వరుస లేదు.

ఇది రైల్వేవాళ్ళకి తెలిసిన న్యాయమే. 1992లో యూనిగేజ్ మొదలయ్యాక దేశంలో మీటరుగేజీ దాదాపు అంతా బ్రాడ్‌గేజీ అయింది. మన బెంగళూరు–మైసూరు లైను కూడా. కానీ నీలగిరి కొండ రైలు ఇప్పటికీ మీటరుగేజీయే, మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు, పళ్ళ చక్రం పట్టుకుని ఎక్కుతుంది. దాన్ని ఎందుకు ఉంచగలిగారు? అందంగా ఉందనా? అందంగా ఉన్న లైన్లు చాలా పోయాయి. కూనూరు షెడ్డులో ఆ ఇంజను తెలిసిన మనుషులున్నారు. తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్కుషాపులో దానికి కొత్త ఆవిరి ఇంజన్లే కట్టి ఇచ్చారు. మనిషి ఉన్నాడు గనక లైను ఉంది. విండోస్ 7 కావాలన్న అన్నయ్యలు దానికి కూనూరు షెడ్డు పెట్టగలరా? లేకపోతే అడగొద్దు.

మార్చే పద్ధతి గురించి ఇంకో రెండు ముక్కలు. 2019 జూనులో ఉబుంటు 32 బిట్టు ప్యాకేజీలన్నీ ఎత్తేస్తామంది. ఆటలవాళ్ళూ, పాత విండోస్ ప్రోగ్రాములు వాడుకునేవాళ్ళూ గోల పెట్టారు. వారం తిరక్కుండా కావలసినవి కొన్ని ఉంచుతామని ఒప్పుకుంది. వాడేవాళ్ళు మాట్లాడారు గనక లిస్టు మారింది. మేమిప్పుడు చేస్తున్నది అదే, ఇందులో అవమానపడాల్సింది ఎవరూ లేరు. 2020 డిసెంబరులో సెంట్‌ఓఎస్ వాళ్ళు చేసింది దీనికి పూర్తిగా ఎదురు. 2029 దాకా ఉంటుందని జనం నమ్మిన సెంట్‌ఓఎస్ 8ని 2021 ఆఖరుకే ముగిస్తామన్నారు. ఆ కోపంలోంచే ఆల్మా, రాకీ అని రెండు కొత్త లినక్సులు పుట్టాయి. తక్కువ రోజులు ఇస్తామని ముందే చెబితే ఎవరూ తిట్టరు. ఇచ్చిన తేదీని మధ్యలో కోస్తేనే తిడతారు.

"పిల్లలు ఫ్రీగా చేస్తుంటే అడగడానికి మీరెవరు" అన్న మాట కూడా కార్యవర్గ సమావేశంలో వినిపించింది. పిల్లలు అనలేదు, వాళ్ళ తరఫున ఇంకెవరో అన్నారు. నిజమే, జీపీఎల్‌లో ఏ గ్యారంటీ లేదని రాసే ఉంది. మేమేమీ కోర్టుకి పోవడం లేదు. కోడ్‌కి గ్యారంటీ లేదు సరే, ఆపద్బంధు నిధికి ఉంది. అది సంఘం సభ్యులకి రాసిచ్చిన మాట. ఆ మాట నిలబడేది కౌంటరు మీద ఉన్న కంప్యూటరు తెరుచుకుంటేనే. ఇక పని సంగతి. టెస్టు చేయడానికి మనుషులు లేరనే కదా లిస్టు కుదించారు? మమ్మల్ని ఒక్కసారైనా అడిగారా? మాకు కోడ్ రాదు గానీ, ఒక బటను నొక్కి ఏం వచ్చిందో చూసి, తారీకుతో సహా రిజిస్టరులో రాయడం వచ్చు. ముప్పై ఏళ్ళు డీటీసీ బుక్కు రోజూ రాత్రి పైసాతో సహా టాలీ చేసిన చేతులివి. కొత్త వెర్షను విడుదలకి వారం ముందు ఇస్తే, చందా రాయడం, రసీదు కొట్టడం, పుస్తకం ఇవ్వడం, నిధి ఖాతా తెరవడం, ఈ నాలుగూ ప్రతి కంప్యూటరు మీదా చేసి చూపిస్తాం. ఫెయిలైతే విడుదల ఆపండి.

కాబట్టి ఆరో అంశానికి మేము సవరణ ప్రతిపాదిస్తున్నాం. లినక్సు బిల్డు ఉబుంటు 20.04 పెట్టెలోనే కట్టాలి, 2026 ఆఖరు దాకా. 20.04 మామూలు సపోర్టు 2025 మేలో అయిపోయింది, నిజమే. కానీ ఉబుంటు ప్రో అయిదు కంప్యూటర్ల దాకా సొంత వాడకానికి ఉచితం, దాంతో 2030 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. హోసూరు కంప్యూటర్లు ఆ లెక్కలోకి వస్తాయో లేదో కార్యవర్గం చూడాలి. రాకపోతే ఈలోపే వాటిని 22.04కి ఎక్కిద్దాం. విండోస్ 10కి మైక్రోసాఫ్టు 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ముగించి, ఇళ్ళలో వాడేవాళ్ళకి ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా, నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తోంది. మన లిస్టులోనూ విండోస్ 10కి అదే ఆఖరు తేదీ పెడదాం. ఆ లోపల విండోస్ 11 పట్టని కంప్యూటర్లలో లినక్సు వేద్దాం. విండోస్ 7, 32 బిట్టు ఈ వెర్షనుతోనే ఆఖరు. మ్యాక్ ఉండొచ్చు, మ్యాక్ ఉన్నవాళ్ళే పేరు ఇచ్చి చూసుకుంటే. "లేటెస్టు" అనే మాట బిల్డు ఫైల్లో ఎక్కడా ఉండకూడదు, నంబరు రాయాలి. ఏ వరుస తీసేయాలన్నా ఆరు నెలల ముందు నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి.

ఇక మీరు చేయాల్సింది. సమావేశానికి వచ్చేలోపు మీ శాఖలో ఏ కంప్యూటరు ఉందో చూసి ఈ పోస్టు కింద రాయండి. విండోస్ అయితే విండోస్ బటనూ, ఆర్ అక్షరమూ కలిపి నొక్కి విన్‌వర్ అని కొట్టండి, నంబరు కనిపిస్తుంది. ఉబుంటు అయితే సెట్టింగ్స్‌లో కిందికి వెళ్తే ఎబౌట్ అని ఉంటుంది. ఏ కంప్యూటరు ఎన్నేళ్ళ నాటిదో, ఎక్కడ కొన్నదో కూడా రాస్తే ఇంకా మంచిది. లిస్టులో ప్రతి వరుస ఎదురుగా ఒక మనిషి పేరు ఉండాలన్నాం గనక మా వైపు నుంచి మొదలుపెట్టాం. ఉబుంటు 20.04కి హోసూరులో తన జేబులోంచి డబ్బిచ్చిన ఆ పెద్దాయనే పేరు ఇచ్చాడు. 22.04కి కేజీఎఫ్ నుంచి ఇద్దరు. విండోస్ 11కి మన లైబ్రరీ చూసుకునే అమ్మ ఒప్పుకుంది. విండోస్ 10 ఎదురుగా ఇంకా ఖాళీ ఉంది.